పేపర్లు, సైటేషన్లు, హెచ్-ఇండెక్స్: సిగ్నల్ ప్రాసెసింగ్ పరిశోధకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈసీఈ విభాగాల నుంచి వచ్చినవే. రాసినవాళ్లు సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, కాలేజీల్లో పాఠాలు చెబుతూ పేపర్లు రాస్తున్నవాళ్లు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ప్రమోషన్ ఫారంలో ‘మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్’ అని రెండు గళ్లున్నాయి. నా 12 పేపర్లకు గూగుల్ స్కాలర్‌లో వరసగా 48, 31, 22, 15, 11, 9, 7, 7, 6, 3, 1, 0 సైటేషన్లున్నాయి, అంటే మొత్తం 160. స్కోపస్‌లో 97, వెబ్ ఆఫ్ సైన్స్‌లో 52 చూపిస్తోంది. ఏది వేయాలి? హెచ్-ఇండెక్స్ చేత్తో ఎలా కట్టాలి?
— అసిస్టెంట్ ప్రొఫెసర్, కాకినాడ

సైటేషన్ అంటే మీ పేపర్‌ను మరో రచన మూలంగా చూపడం. మూడు అంకెలూ నిజమే. ఎవరు ఎక్కడ ఏరి లెక్కపెట్టారన్నదే తేడా. స్కాలర్ నెట్‌లో దొరికిన పండిత రచనలన్నీ లెక్కిస్తుంది. ఆర్కైవ్ సైటులో ప్రచురణకు ముందే పెట్టిన ప్రతులు (ప్రీప్రింట్లు), థీసిస్‌లు, కాలేజీ సర్వర్‌లో పెట్టిన పీడీఎఫ్‌లు కూడా అందులోకి వస్తాయి. స్కోపస్ తాను ఎంపిక చేసుకున్న జర్నళ్లు, సదస్సుల నుంచి వచ్చినవే లెక్కిస్తుంది. వెబ్ ఆఫ్ సైన్స్ ఎంపిక ఇంకా బిగువు. అందులో సదస్సుల పేపర్లకు వేరే సూచిక ఉంది, అన్ని సదస్సులూ దాంట్లోకి రావు. సగం పని సదస్సుల్లోనే నడిచే మన రంగంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక హెచ్-ఇండెక్స్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలోని భౌతికశాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన లెక్క ఇది. సైటేషన్లను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పక్కన 1, 2, 3 అని వరస సంఖ్య వేసుకోండి. సైటేషన్ వరస సంఖ్యకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉన్న చివరి చోట ఆగండి. మీ జాబితాలో ఏడో పేపరుకు 7, ఎనిమిదో పేపరుకూ 7. ఎనిమిదో చోట 7 చాలదు కనుక మీ హెచ్ 7. పది, ఆపైన సైటేషన్లున్న పేపర్లు అయిదు కాబట్టి ఐ10 సూచిక 5.

ఇదే జాబితాను ఇంకాస్త దగ్గరగా చూడండి. 8కి ఎక్కడానికి రెండు సైటేషన్లు చాలు, ఏడో ఎనిమిదో పేపర్లకు చెరొకటి. 9కి ఎక్కాలంటే ఆ రెండింటికీ చెరో రెండు, తొమ్మిదోదానికి మూడు, మొత్తం ఏడు రావాలి. 48 ఉన్న మొదటి పేపరుకు రేపు ఇంకో 500 వచ్చినా హెచ్ కదలదు. మీ పేరు నిలబెట్టిన పేపర్‌ను ఈ లెక్క పట్టించుకోదు. అందుకే హెచ్ ఒక్కటే చూసి మనిషిని అంచనా వేయడం తప్పంటాం.

ఫారంలో మూలం ఏదో చెప్పకపోతే కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. ఎలాగూ అంకె పక్కన మూలం పేరు, చూసిన తేదీ వేయండి. ఆ రోజు పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. స్కోపస్‌లో సైటేషన్ ఓవర్‌వ్యూ తెరిస్తే సొంత సైటేషన్లు తీసేసి చూసే వీలుంది. ఆ అంకె కూడా రాసిపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడుగుతారు. స్కాలర్ అంకెను మూలం చెప్పకుండా వేస్తే మాత్రం పరిశీలకులు స్కోపస్ తెరిచి చూసి, పెంచి రాశారనుకుంటారు.

ప్రశ్న: నా ఇంటిపేరు ఒక పేపర్లో ముందు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో చివర పూర్తిగా, మూడోదాంట్లో అసలు లేకుండా అచ్చయింది. స్కోపస్‌లో నాకు మూడు ప్రొఫైళ్లున్నాయి. స్కాలర్‌లోనేమో నా పేరే ఉన్న ఎవరో డాక్టరుగారి పేపర్లు వచ్చి చేరాయి.
— పరిశోధక విద్యార్థిని, వరంగల్

తెలుగువాళ్లలో చాలామందికి ఉన్న తలనొప్పే ఇది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, పేపర్లు అచ్చువేసే ఇంజనీర్ల సంఘం ఐఈఈఈ చివరి పదాన్ని ఇంటిపేరుగా తీసుకుంటుంది. ‘శ్రీనివాస్’ని ఒకచోట ఐతో, మరోచోట డబుల్ ఈతో రాస్తే యంత్రానికి ఇద్దరు మనుషులు.

ముందు ఒక్క రూపం ఖాయం చేసుకోండి. పాస్‌పోర్ట్‌లో ఉన్నదైతే మంచిది, సదస్సు వీసా ఉత్తరాలకూ అదే పనికొస్తుంది. తర్వాత పరిశోధకుల గుర్తింపు సంఖ్య ఆర్కిడ్ తీసుకోండి, ఉచితం. నాలుగేసి చొప్పున 16 స్థానాలుంటాయి. చివరిది తనిఖీ అక్షరం, అది అంకె కాకుండా ఎక్స్ కూడా కావచ్చు. అచ్చుతప్పనుకుని దాన్ని వదిలేసేవాళ్లున్నారు, వదిలేస్తే లింకు పనిచేయదు. పేపరు పంపే పోర్టల్‌లో మీ ఖాతాకు ఆర్కిడ్‌ను అనుసంధానించండి. సహ రచయితల చేత కూడా ఆ పని చేయించండి.

స్కోపస్‌లో రచయితల వెతుకులాటలో మీ పేరు అన్ని రూపాల్లోనూ కొట్టి చూడండి. మీవైన ప్రొఫైళ్లన్నీ టిక్ పెట్టి, కలపమని కోరే ఫారం నింపండి. కాలేజీ ఈమెయిల్ ఇస్తే పని త్వరగా అవుతుంది. ఒక్కో పేపరు మీదో కాదో అక్కడ అడుగుతుంది. తొందరపడి అన్నిటికీ అవుననకండి.

స్కాలర్‌లో పరాయి పేపర్లను టిక్ పెట్టి తీసేయండి. సెట్టింగ్స్‌లో ‘తనంతట తాను చేర్చు’ ఆపి, ‘ఈమెయిల్‌లో అడుగు’ ఎంచుకోండి. ఒకే పేపరు రెండు వరసల్లో పడి ఉంటే రెండూ టిక్ పెట్టి మెర్జ్ నొక్కండి. 6, 3గా చీలిన సైటేషన్లు అప్పుడు 9 అవుతాయి. కలిపిన చోట అంకె పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. ఐకాస్ప్ అనే ఐఈఈఈ సదస్సులో నాలుగు పేజీలుగా వచ్చిన పనినే విస్తరించి ఐఈఈఈ జర్నల్ ట్రాన్సాక్షన్స్‌లో వేసినప్పుడు శీర్షికలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవి రెండు వేర్వేరు పేపర్లు. మెర్జ్ చేస్తే ఒకటి మాయమవుతుంది, మీ జాబితా డీఓఐలతో (ఒక్కో పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలతో) సరిపోలదు. స్కాలరే కలిపేసి ఉంటే విడదీయండి.

ప్రశ్న: సదస్సు పేపర్లకు, చిన్న పేపర్లకు విలువ లేదని, పది పేజీల జర్నల్ పేపరే రాయమని మా గైడ్ అంటారు. నాలుగు పేజీల పేపర్‌ను ఎవరు ఉదహరిస్తారు?
— ఎంటెక్ విద్యార్థి, హైదరాబాద్

1974 జనవరి ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్ సంచికలో 90వ పేజీ నుంచి 93వ పేజీ దాకా ఒక పేపరు ఉంది. పేరు ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’. రాసినవాళ్లు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహన రావు. అంతా కలిపి నాలుగు పేజీలే. ఈ ఆలోచన మీద పనిచేస్తానని అహ్మద్ అంతకుముందు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ప్రతిపాదన పంపితే నిధులు రాలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక సమీక్షకుడు అన్నట్టు ఆయనే తర్వాత రాశారు. మీ ఫోన్‌లో ఉన్న జేపెగ్ ఫొటో ప్రతిదీ 8×8 గళ్లుగా విడిపోయి ఆ ట్రాన్స్‌ఫార్మ్ గుండా వెళ్లినదే. ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌ను అందరి చేతికీ అందించిన కూలీ, టుకీల 1965 పేపరు కూడా అయిదే పేజీలు, 297 నుంచి 301 దాకా.

కనుక పేజీలను బట్టి కాదు, పనిని బట్టి చోటు ఎంచుకోండి. ఒక్కటే ఆలోచన, ఒక్కటే నిరూపణ, రెండు మూడు గ్రాఫులతో తేలిపోయేదైతే ఐఈఈఈ వారి చిన్న పేపర్ల జర్నల్ సిగ్నల్ ప్రాసెసింగ్ లెటర్స్ సరిపోతుంది. అక్కడ విషయానికి నాలుగు పేజీలు, అయిదో పేజీ రిఫరెన్సులకు. వేగంగా మారే అంశమైతే ఐకాస్ప్. 1976లో ఫిలడెల్ఫియాలో మొదలైన ఈ సదస్సు 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే జరిగింది. సిద్ధాంతం, దాని షరతులు, పాత పద్ధతులతో పూర్తి పోలిక అన్నీ కావాల్సిన పని అయితేనే ట్రాన్సాక్షన్స్.

మీ గైడ్ మాటలోనూ నిజం ఉంది. కొన్ని విశ్వవిద్యాలయాల నిబంధనలు జర్నల్ పేపర్‌నే గుర్తిస్తాయి. మీ విశ్వవిద్యాలయం నిబంధనల ప్రతి తెచ్చుకుని చదవండి. సదస్సుకు పంపితే ఒకటి మరవకండి. పేపరు అంగీకారం పొందాక రచయితల్లో ఒకరు రిజిస్ట్రేషన్ కట్టి, సమర్పించి తీరాలి. ఎవరూ రాకపోతే పేపర్‌ను ఐఈఈఈ ఆన్‌లైన్ గ్రంథాలయం ఎక్స్‌ప్లోర్‌లో చేర్చకపోవచ్చు. చేర్చకపోతే సైటేషన్ల మాటే లేదు.

ప్రశ్న: సి.ఆర్. రావుగారి 1945 పేపర్‌కు సైటేషన్లు తక్కువే చూపిస్తున్నారని ఎక్కడో చదివాను. సిగ్నల్ ప్రాసెసింగ్‌లో క్రామర్-రావ్ బౌండ్ లేని పేపరే కనిపించదు కదా?
— లెక్చరర్, విశాఖపట్నం

మీరున్న ఊరి నుంచి ఈ ప్రశ్న రావడం సంతోషం. గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణ రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. ఆ పేపరు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటంలో, 81 నుంచి 91 పేజీల్లో వచ్చింది. పక్షపాతం లేని అంచనా, అంటే సగటున నిజమైన విలువనే ఇచ్చేది, ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు గీసింది. అదే క్రామర్-రావ్ బౌండ్. అంచనాను మెరుగుపరిచే రావ్-బ్లాక్‌వెల్ ఫలితానికి మూలమూ అందులోనే ఉంది. ఆయనకు 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

లెక్కలో తగ్గడానికి కారణాలు స్పష్టమే. రాడార్, సోనార్, లొకలైజేషన్ పేపర్లలో ‘సీఆర్‌బీ’ అని మూడక్షరాలు రాసి ముందుకు పోతారు. ఓమ్స్ లా వాడేటప్పుడు ఓమ్‌ను ఎవరూ ఉదహరించరు కదా, అలాగే. ఫలితం అందరి సొత్తయ్యాక మూలాన్ని చూపడం మానేస్తారని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఎప్పుడో గుర్తించారు. ఉదహరించేవాళ్లలోనూ చాలామంది స్టీవెన్ కే 1993 పాఠ్యపుస్తకాన్ని చూపిస్తారు. ఇక ఈ పేపరు 1992లో స్ప్రింగర్ సంకలనంలో మళ్లీ అచ్చయింది. దాంతో కొందరు 1945 అని, కొందరు 1992 అని రాస్తారు, సైటేషన్లు రెండు పాయలవుతాయి.

మీ పేపర్లో బౌండ్ గీస్తే 1945 మూలాన్ని, మీ మోడల్‌కు బౌండ్ కట్టిన పేపర్‌ను, రెంటినీ ఇవ్వండి. సిగ్నల్ వచ్చే దిశ అంచనాకైతే స్టోయికా, నెహొరాయిల 1989 పేపరు ఉంది. దీనికి పట్టేది రెండు వరసల చోటు. సంపుటం, పేజీలు సరిగ్గా వేయడం అంతకన్నా ముఖ్యం. అవి తప్పితే సైటేషన్ డేటాబేసుల్లో మూలంతో ముడిపడకుండా గాలిలో ఉండిపోతుంది.

ప్రశ్న: సిగ్నల్ వచ్చే దిశను అంచనా వేసే కొత్త పద్ధతి మీద రెండేళ్ల కిందట పేపరు వేశాను. మ్యూజిక్ అనే పాత పద్ధతి కన్నా మాదే మెరుగని గ్రాఫుల్లో చూపించాం. ఇప్పటికి సైటేషన్లు సున్నా. ప్రచారం లేకనా?
— పరిశోధక విద్యార్థి, అనంతపురం

పేపరు చూడకుండా తీర్పు చెప్పలేం. అయితే ఈ అంశంలో వచ్చే పేపర్లను చదివినవాళ్లు పక్కన పెట్టేయడానికి కారణం చాలాసార్లు ప్రచారం కాదు, గ్రాఫే. మీ గ్రాఫును ఒకసారి ఇలా తనిఖీ చేయండి.

నిజమైన దిశ 10 డిగ్రీలు, వెతికే గ్రిడ్ 1 డిగ్రీ చొప్పున పెట్టారా? శబ్దం తగ్గేకొద్దీ దిశను చూపే శిఖరం సరిగ్గా 10 మీదే పడుతుంది, పొరపాటు సున్నా అవుతుంది, గీత క్రామర్-రావ్ బౌండ్ కిందికి దూసుకుపోతుంది. పక్షపాతం లేని పద్ధతి బౌండ్ దాటదు. కనుక తెలిసిన పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. అదే గ్రిడ్‌లో నిజమైన దిశ 10.37 అయితే ఎంత మంచి సిగ్నల్‌లోనైనా 0.37 డిగ్రీల పొరపాటు మిగిలిపోతుంది, గీత చదునవుతుంది. గ్రిడ్‌ను 0.01కి తగ్గిస్తే 10.37 మళ్లీ గ్రిడ్ మీదే కూర్చుంటుంది! ప్రతి ప్రయోగానికీ దిశను యాదృచ్ఛికంగా మార్చండి. లేదా శిఖరం చుట్టూ మూడు బిందువులకు పారాబొలా సరిపెట్టండి, గ్రిడ్ అక్కర్లేని రూట్-మ్యూజిక్‌తోనైనా పోల్చండి.

తర్వాత యూనిట్లు. బౌండ్ రేడియన్లలో వస్తుంది, పొరపాటు డిగ్రీలలో గీస్తాం. మార్చడం మరిస్తే 57.3 రెట్ల తేడా. ఇంకోటి, సిగ్నల్‌ను నిర్దిష్టమనుకుంటే ఒక బౌండ్, యాదృచ్ఛికమనుకుంటే మరో బౌండ్. సిమ్యులేషన్‌లో సిగ్నల్ ఎలా పుట్టించారో దానికి తగిన బౌండ్ గీయాలి. మ్యూజిక్‌కు ఎన్ని స్నాప్‌షాట్లు (సెన్సర్లన్నీ ఒకే క్షణంలో తీసిన కొలతలు) ఇచ్చారో మీ పద్ధతికీ అన్నే ఇచ్చారా? సెన్సర్ల సంఖ్య, వాటి మధ్య దూరం, స్నాప్‌షాట్లు, ప్రయోగాల సంఖ్య నాలుగూ పేపర్లో రాశారా? ఒక్కటి తప్పినా చదివినవాళ్లు మీ గ్రాఫును మళ్లీ గీయలేరు. గీయలేని పద్ధతితో తమ పద్ధతిని పోల్చరు, పోల్చకపోతే ఉదహరించరు.

మళ్లీ చేయగలిగేలా రాస్తే ఏమవుతుందో చూడటానికి మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. కె. శ్రీరామమూర్తి, బి. యజ్ఞనారాయణ 2008లో ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ ఆడియో, స్పీచ్ అండ్ లాంగ్వేజ్ ప్రాసెసింగ్‌లో వేసిన ‘ఎపోక్ ఎక్స్‌ట్రాక్షన్ ఫ్రమ్ స్పీచ్ సిగ్నల్స్’. స్వరతంత్రులు మూసుకునే క్షణాలను మాట సిగ్నల్‌లో పట్టుకునే పద్ధతి అది. పొరుగు శాంపిళ్ల తేడా తీసుకోండి. సున్నా ఫ్రీక్వెన్సీ రెజొనేటర్ గుండా రెండుసార్లు పంపండి. ఈ రెజొనేటర్ అంటే ముందరి అవుట్‌పుట్‌కు రెట్టింపు వేసి, దాని ముందుది తీసేసి, కొత్త శాంపిల్ కలపడమే. వచ్చినదాంట్లోంచి స్థానిక సగటు తీసేయండి. సున్నాను కింద నుంచి పైకి దాటిన చోట్లే ఎపోక్‌లు, అంటే ఆ మూసుకునే క్షణాలు.

అంతుపట్టని విషయం ఇందులో ఒక్కటీ లేదు. ఒక పూట కూర్చుంటే ఇరవై వరసల్లో ఎవరైనా రాసుకోవచ్చు. సగటు తీసే కిటికీ సగటు పిచ్ పీరియడ్‌కు (స్వరతంత్రుల ఒక్కో కంపనానికి పట్టే సమయానికి) ఒకటి నుంచి రెండు రెట్ల మధ్య ఉండాలని కూడా పేపర్లోనే ఉంది. 8 కిలోహెర్ట్జ్‌లో 10 మిల్లీసెకన్లు తీసుకుంటే 80 శాంపిళ్లు, రెండు వైపులా సమానంగా రావాలి కనుక 81 పెట్టుకోండి. తప్పు జరిగేది ఎక్కడంటే రెజొనేటర్ అవుట్‌పుట్ బహుపదిలా పెరిగిపోతుంది. సింగిల్ ప్రెసిషన్‌లో ఉన్న ఏడంకెల కచ్చితత్వం ఆ పెద్ద అంకెకే సరిపోయి, మనకు కావలసిన చిన్న అలలు మాయమవుతాయి. డబుల్ ప్రెసిషన్ వాడండి, పొడవైన ఫైలును ముక్కలుగా చేయండి. మీ పేపరుకూ ఇంత వివరంగా కోడ్, ఒక చిన్న డేటా ఫైలు జతచేసి పెట్టండి. పాత పేపరైనా ఫరవాలేదు, ఇప్పుడు పెట్టినా ఆలస్యం కాదు.

ప్రశ్న: సమీక్షకుడు ఆరు పేపర్లు ఉదహరించమని రాశారు. ఆరింట్లోనూ ఒకరి పేరే ఉంది. మా విషయంతో వాటికి సంబంధం లేదు. కాదంటే తిరస్కరిస్తారేమో.
— ఊరు రాయలేదు

ఆరూ చదవండి. ఒకటి పనికొచ్చేదైతే చేర్చండి. మిగతావాటికి జవాబు పత్రంలో ఒక్కోదానికీ ఒక్కో వాక్యం రాయండి, అది ఏ సమస్య గురించో, మీ సమస్య దానికి ఎందుకు వేరో. నిందలొద్దు. ఎడిటర్‌కు మాత్రమే కనిపించే పెట్టెలో ‘సూచించిన పేపర్లన్నింటిలో ఒకే రచయిత ఉన్నారు, దయచేసి గమనించండి’ అని విడిగా రాయండి. ఇలా ఒత్తిడి చేయడాన్ని ఐఈఈఈ తప్పుగానే చూస్తుంది, నిర్ణయం ఎడిటర్‌దే గానీ సమీక్షకుడిది కాదు.

ప్రశ్న: ‘స్కోపస్ జర్నల్, ఏడు రోజుల్లో ప్రచురణ’ అని వాట్సాప్‌లో వచ్చింది. రుసుము అడుగుతున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?
— పరిశోధక విద్యార్థిని, కర్నూలు

ఏడు రోజుల్లో నిజమైన సమీక్ష జరగదు. ఆ ఒక్క మాటతోనే వదిలేయొచ్చు. అయినా చూడాలనుకుంటే వాళ్లిచ్చిన లింకు నొక్కకండి. స్కోపస్ సోర్సెస్ పేజీకి మీరే వెళ్లి జర్నల్ గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్‌తో వెతకండి, పేరుతో వద్దు. ఎందుకంటే ఒకే పేరుతో రెండు మూడు జర్నళ్లుంటాయి. కవరేజ్ ఏ ఏడాది దాకా ఉందో చూడండి. ఆగిపోయిందని ఉంటే ఇకపై అందులో వేసే పేపరు లెక్కలోకి రాదు. అసలు జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ దొంగిలించి నకిలీ సైటు నడిపేవాళ్లున్నారు. అందుకే సైటు చిరునామాను ప్రచురణకర్త అసలు సైటుతో పోల్చండి. చివరగా ఆ జర్నల్‌లో నిరుడు వచ్చిన ఒక పేపరు డీఓఐ కొట్టి, అది స్కోపస్‌లో దొరుకుతుందో లేదో చూడండి.

ఇంకో సంగతి. ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ చాలావరకు ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివే పద్ధతి) ఎంచుకోకపోతే ప్రచురణ రుసుము అడగవు. పరిమితి దాటిన పేజీలకు మాత్రం వసూలు చేస్తాయి, పంపే ముందే పేజీలు లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: పేపరు అందరికీ ఉచితంగా దొరకాలంటే ఏ ప్రతి ఎక్కడ పెట్టొచ్చు?
— పోస్ట్‌డాక్, తెలుగు పాఠకుడు, జర్మనీ

పంపే ముందు ప్రతిని ఆర్కైవ్‌లో పెట్టొచ్చు. 2017 నుంచి అక్కడ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌కు వేరే విభాగం ఉంది, సిగ్నల్, ఆడియో-స్పీచ్, ఇమేజ్-వీడియో పేపర్లకు వేర్వేరు గళ్లున్నాయి. అంగీకారం పొందాక మీరు తయారుచేసిన తుది ప్రతిని ఐఈఈఈ కాపీరైట్ వాక్యంతో సొంత సైటులోనూ సంస్థ సర్వర్‌లోనూ పెట్టొచ్చు. ఎక్స్‌ప్లోర్ నుంచి దించిన అచ్చు పీడీఎఫ్ మాత్రం పెట్టకూడదు. ప్రచురణ అయ్యాక ఆర్కైవ్ పేజీలో డీఓఐ చేర్చండి. చేర్చకపోతే ప్రీప్రింట్‌కు వచ్చే సైటేషన్లు ప్రీప్రింట్ దగ్గరే ఉండిపోయి, స్కోపస్ లెక్కలో మీ పేపరు కింద కనిపించకపోవచ్చు.